తక్కువ నిద్ర గొప్ప ఎందుకైంది? మన గుర్తింపు, మన అభిప్రాయాలు నిద్రను మార్చే తీరు

తెలుగులో ఒకరిని మెచ్చుకోవాలంటే ‘నిద్రాహారాలు మాని కష్టపడ్డాడు’ అంటాం. తిట్టాలంటే ‘నిద్రమొహం’ అంటాం, ‘కుంభకర్ణుడు’ అంటాం. పొద్దెక్కేదాకా లేవని మనిషి గురించి చెప్పేటప్పుడు గొంతులోకి చులకన దానంతటదే వచ్చేస్తుంది. ఇదే భాషలో ‘కంటి నిండా నిద్ర’ ఉంది, ‘ఆదమరిచి నిద్రపోవడం’ ఉంది. ఏ బెంగా లేనివాడు ‘గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోతాడు’ అనే మాటా ఉంది. అంటే నిద్ర మీద మనకు ఒకదానితో ఒకటి పొసగని నాలుగైదు అభిప్రాయాలున్నాయి. రాత్రి లైటు ఆర్పాక మనతో పాటు అవీ పక్కెక్కుతాయి.

నిద్ర గురించి సలహాలకు ఇప్పుడు కొదవ లేదు. ఇన్ని గంటలు పడుకోండి, ఫోన్ దూరంగా పెట్టండి, సాయంత్రం తర్వాత కాఫీ వద్దు. చాలావరకు సరైనవే. కాకపోతే అవన్నీ నిద్రను ఒక మనిషికీ, ఒక మంచానికీ, ఒక ఫోన్‌కీ మధ్య వ్యవహారంగా చూస్తాయి. పరిశోధకులు కొంతకాలంగా ఇంకో కోణం నుంచి అడుగుతున్నారు. నన్ను నేను ఎవరినని అనుకుంటున్నాను? నలుగురూ నన్ను ఎవరిగా చూస్తున్నారు? నిద్ర నా దృష్టిలో ఏమిటి? వీటి వల్ల నా రాత్రి ఎంత మారుతోంది? జవాబు చిక్కుగా ఉంటుంది. నిద్రను తేలిగ్గా తీసుకునేవాళ్లు నష్టపోతున్నారు. నిద్ర గురించి అతిగా ఆలోచించేవాళ్లూ నష్టపోతున్నారు. నిద్ర మీద ఎంత గౌరవం ఉన్నా పడుకునే వీలే లేనివాళ్లు మరికొందరు. ఈ ముగ్గురికీ ఒకే సలహా ఇస్తున్నాం, గొడవంతా అక్కడే వస్తోంది.

ఆరోగ్యకరమైన నిద్ర అంటే ఏమిటి

ముందుగా గంటల సంగతి. పెద్దవాళ్లకు రోజూ కనీసం 7 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్, స్లీప్ రీసెర్చ్ సొసైటీ కలిసి 2015లో చెప్పాయి. అయితే గంటలు ఒక కొలత మాత్రమే. డేనియల్ బైస్ అనే నిద్ర పరిశోధకుడు 2014లో ఐదు కొలతలు సూచించారు. నిద్ర చాలిందన్న తృప్తి, పగటిపూట చురుకుదనం, నిద్రపోయే వేళ, పక్క మీద గడిపిన సమయంలో నిజంగా నిద్రపోయిన భాగం, మొత్తం గంటలు. రోజూ ఇంచుమించు ఒకే వేళకు పడుకుని లేవడం అనే ఆరోది తర్వాత చేరింది.

ఈ ఆరింటిలో జనం ఎక్కువగా పొరబడేది పక్క మీది సమయం దగ్గర. ఒకావిడ రాత్రి 11కి పడుకుని ఉదయం 7కి లేచిందనుకుందాం. నిద్ర పట్టడానికి గంట పట్టింది. మధ్యలో మూడు నాలుగు సార్లు మెలకువ వచ్చి మొత్తం గంటన్నర పోయింది. నిద్రపోయింది ఐదున్నర గంటలు. 5.5ను 8తో భాగిస్తే సుమారు 69 శాతం. మామూలుగా 85 శాతం దాటితే బాగున్నట్టు లెక్క. ‘ఎనిమిది గంటలు పడుకున్నాను’ అన్న ఆవిడ మాట నిజం. ‘నిద్ర చాలలేదు’ అన్నదీ నిజం.

ఇక ఒంట్లో జరిగేది. అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో చెప్పిన వివరణ ఇప్పటికీ పునాదిగా ఉంది. మెలకువగా ఉన్నకొద్దీ నిద్ర ఒత్తిడి పేరుకుంటుంది, పడుకుంటే తీరుతుంది. దీనికి తోడు మెదడులో ఒక గడియారం వెలుతురును బట్టి ‘ఇది పగలు, ఇది రాత్రి’ అని చెబుతూ ఉంటుంది. ఈ రెండూ కలిసొచ్చినప్పుడు నిద్ర తేలిగ్గా పడుతుంది. కానీ ఎప్పుడు పక్కెక్కాలో, ఎప్పుడు లేవాలో మన ఒళ్లు ఒక్కటే తేల్చదు. ఆఫీసు, బడి, పసిపిల్ల ఏడుపు, పక్కవాళ్ల మాట, ఇవన్నీ తేలుస్తాయి.

అక్కడే మిగతా రెండు మాటలు, గుర్తింపూ వైఖరీ, వస్తాయి. హెన్రీ తాజ్‌ఫెల్, జాన్ టర్నర్ 1970లలో వివరించిన ప్రకారం ‘నేను ఎవరిని’ అన్నదానిలో కొంత భాగం మనం ఏ గుంపుకు చెందామన్నదాని నుంచి వస్తుంది. డాక్టరు, అమ్మ, కుర్రాడు, ఒక వర్గం మనిషి, ఇలా. దాన్నే సామాజిక గుర్తింపు అంటారు. ప్రతి గుంపుకూ ‘మనవాళ్లు ఇలా ఉంటారు’ అన్న లెక్కలుంటాయి, నిద్ర కూడా ఆ లెక్కల్లోకి వస్తుంది. నిద్ర పట్ల వైఖరి అంటే నిద్ర విలువైనదా వ్యర్థమా, అది మన చేతిలో ఉందా లేదా, తగ్గితే ఏమవుతుంది అన్నవాటి మీద మనకున్న నమ్మకాల మూట.

నిద్ర మానుకోవడం గొప్పతనంగా మారినప్పుడు

డిగ్రీ ఆఖరి పరీక్షల రోజుల్లో మా గదిలో నలుగురం ఉండేవాళ్లం. పొద్దున బ్రష్ చేసుకుంటూ మొదట అడిగే మాట ‘ఎంతసేపు పడుకున్నావురా?’ నేను రెండు గంటలంటే ఇంకొకడు గంటన్నర అనేవాడు. నాలుగోవాడు రోజూ పదింటికల్లా దుప్పటి కప్పేసుకునేవాడు. వాడిని మేం చదువంటే శ్రద్ధ లేనివాడిగా లెక్కేశాం. వాడు ఎంత చదువుతున్నాడో ఎవరూ చూడలేదు, ఎప్పుడు పడుకుంటున్నాడో చూశాం.

ఇది మా గది విషయమే అయితే రాయాల్సిన పని లేదు. థామస్ ఎడిసన్ తాను రోజుకు నాలుగైదు గంటలే పడుకుంటానని చెప్పుకునేవాడు, ఎక్కువ నిద్ర సమయం వృథా అనేవాడు. పగలు కునుకులు తీసేవాడన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. తక్కువ నిద్రను మగతనంతో ముడిపెట్టడం గురించి నాథన్ వారెన్, ట్రాయ్ క్యాంప్‌బెల్ 2021లో అమెరికాలో చేసిన ప్రయోగాలు ప్రచురించారు. ఒక మగమనిషి గురించి చిన్న వివరణ ఇచ్చి, ఎంత మగటిమి ఉన్నవాడో చెప్పమంటే, ఎక్కువ నిద్రపోతాడన్న మనిషికి తక్కువ మార్కులు పడ్డాయి. మిగతా వివరాలన్నీ ఒకటే, మారింది నిద్ర గంటలే. ‘నాకు నిద్ర చాలడం లేదు’ అని ఒప్పుకోవడం మగవాళ్లకు ఎందుకు కష్టమో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

వృత్తి గుర్తింపు ఇంకా బలమైంది. శిక్షణలో ఉన్న డాక్టర్లు ఏకబిగిన 24 గంటలకు పైగా డ్యూటీ చేయడం చాలాచోట్ల వృత్తి పట్ల నిబద్ధతకు గుర్తు. క్రిస్టఫర్ లాండ్రిగన్ బృందం 2004లో ఇంటెన్సివ్ కేర్‌లో పనిచేసే శిక్షణ డాక్టర్లను పరిశీలించింది. డ్యూటీ నిడివి తగ్గించిన పద్ధతితో పోలిస్తే పాత పద్ధతిలో తీవ్రమైన పొరపాట్లు సుమారు 36 శాతం ఎక్కువగా కనిపించాయి. ఇక్కడితో తేలిపోయిందనుకుంటే తప్పు. పిల్లల ఇంటెన్సివ్ కేర్ విభాగాల్లో చేసిన ఇంకో పెద్ద ప్రయోగం 2020లో వచ్చింది. సుదీర్ఘ డ్యూటీలు తీసేసిన చోటే పొరపాట్లు పెరిగాయి! వివరాల్లోకి వెళ్తే, కొత్త పద్ధతిలో ఒక్కో డాక్టరు చూడాల్సిన రోగుల సంఖ్య పెరిగింది. ఆ తేడాను లెక్కలోకి తీసుకుంటే పొరపాట్ల తేడా కరిగిపోయింది. మనుషులను పెంచకుండా గంటలు తగ్గిస్తే ఆ బరువు ఇంకో రూపంలో వచ్చి పడుతుందన్నమాట. డ్యూటీ మధ్యలో రోగిని చేతులు మార్చితే సమాచారం జారిపోతుందన్న సీనియర్ డాక్టర్ల ఆందోళన కూడా ఊరికే పాత పద్ధతి మీద మమకారం అని కొట్టిపారేయలేం.

తక్కువ నిద్రను గొప్పగా చూడటంలో అసలు ప్రమాదం వేరే ఉంది. నిద్ర తగ్గిన మెదడు తన సత్తా తగ్గిందని తానే గుర్తుపట్టలేదు. హాన్స్ వాన్ డాంగెన్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగంలో ఆరోగ్యంగా ఉన్న 48 మందిని చూశారు. కొందరిని 14 రోజుల పాటు రాత్రికి 6 గంటలే, కొందరిని 4 గంటలే పడుకోనిచ్చారు. ఏకాగ్రత రోజురోజుకూ దిగజారుతూ, రెండు రాత్రుల దాకా అసలు నిద్రే లేనివాళ్ల స్థాయికి చేరింది. ‘నిద్రమత్తు ఎంతుంది?’ అని అడిగితే మాత్రం కొద్ది రోజుల తర్వాత వాళ్ల జవాబు పెద్దగా మారలేదు. అలవాటైపోయిందనుకున్నారు. ‘నాకు ఐదు గంటలు చాలు’ అనే మనిషి అబద్ధమాడటం లేదు, అతనికి నిజంగానే అలా అనిపిస్తుంది. జన్యువుల వల్ల తక్కువ నిద్రతో బాగా ఉండగలిగేవాళ్లు ఉన్నారు. యింగ్ హుయి ఫు బృందం 2009లో అలాంటి ఒక జన్యుమార్పును గుర్తించింది. అది చాలా అరుదు. ఆ కోవకు చెందామని అనుకునేవాళ్లే ఎక్కువ.

నిద్ర పట్టదేమోనన్న టెన్షనే నిద్రను పోగొట్టేటప్పుడు

ఇప్పుడు దీనికి అవతలి గట్టు. రాత్రి 2:40. ఆమె దిండు కింద నుంచి ఫోన్ తీసి టైమ్ చూసింది. ఆరున్నరకు అలారం. ‘ఇప్పుడు పట్టేస్తే నాలుగు గంటలు తక్కువ పది నిమిషాలు.’ ఫోన్ బోర్లా పెట్టి కళ్లు మూసుకుంది. పట్టిందో లేదో తనే గమనించుకుంటోంది. పొద్దున మీటింగ్ గుర్తొచ్చింది, రాత్రి సరిగా పడుకోకపోతే గుండెకు మంచిది కాదని చదివింది గుర్తొచ్చింది. మళ్లీ ఫోన్ తీసింది. 3:05. ఈసారి మూడు గంటల ఇరవై ఐదు నిమిషాలు. ఈమె నిద్రను చులకన చేసే మనిషి కాదు. నిద్రకు చాలా విలువిచ్చే మనిషి.

నిద్రలేమి చికిత్సలో పేరున్న చార్లెస్ మోరిన్ 1990లలో ఇలాంటి నమ్మకాలను కొలిచే ప్రశ్నావళి తయారుచేశారు. ‘ఒక్క రాత్రి నిద్ర పోతే మర్నాడు నేను దేనికీ పనికిరాను’, ‘నా నిద్ర నా చేయి దాటిపోయింది’ లాంటి వాక్యాలతో ఎంతవరకు ఏకీభవిస్తారో అడుగుతారు. నిద్రలేమితో బాధపడేవాళ్లలో ఈ నమ్మకాలు బలంగా కనిపిస్తాయి. ఆలిసన్ హార్వీ 2002లో ఈ చక్రాన్ని వివరించారు. భయం మనసును అప్రమత్తం చేస్తుంది. అప్రమత్తమైన మనసు నిద్ర పట్టలేదన్న గుర్తుల కోసం వెతుకుతుంది, దొరికిన ప్రతి గుర్తూ భయాన్ని పెంచుతుంది.

దీనికి గుర్తింపు తోడైతే ఇంకా బిగుసుకుంటుంది. కెన్నెత్ లిచ్‌స్టీన్ 2017లో రాసిన సమీక్షలో ‘నిద్రలేమి మనిషినన్న గుర్తింపు’ గురించి చెప్పారు. కొలిచి చూస్తే నిద్ర బాగానే ఉన్నా తమకు నిద్రలేమి ఉందని గట్టిగా నమ్మేవాళ్లున్నారు. కొలతల్లో నిద్ర చెడిపోయినా ఏ ఫిర్యాదూ లేనివాళ్లూ ఉన్నారు. పగటి అలసట, దిగులు, ఆందోళన ఎవరిలో ఎక్కువంటే మొదటి రకం వాళ్లలో. అంతమాత్రాన వాళ్లది ఊహ అని తీసిపారేయడం తప్పు. మామూలుగా కొలిచే పద్ధతులు పట్టుకోలేని తేడాలు వాళ్ల నిద్రలో ఉండొచ్చని వాదించే పరిశోధకులున్నారు, ఆ వాదన ఇంకా తేలలేదు.

క్రిస్టినా డ్రాగానిచ్, క్రిస్టీ ఎర్డాల్ 2014లో చేసిన ప్రయోగం చిన్నదే అయినా గుర్తుండిపోతుంది. విద్యార్థులకు వైర్లు పెట్టి, రాత్రి కలల నిద్ర ఎంత శాతం వచ్చిందో కొలుస్తున్నట్టు నమ్మించారు. కొందరికి 28.7 శాతం, చాలా బాగుందని చెప్పారు. కొందరికి 16.2 శాతం, తక్కువైందని చెప్పారు. నిజానికి ఏమీ కొలవలేదు. వినిపించే అంకెలను వెంటవెంటనే కూడుతూ పోయే పరీక్షలో ‘బాగా పడుకున్నావు’ అని చెప్పించుకున్నవాళ్లు మెరుగ్గా చేశారు. చేతికి పెట్టుకునే వాచీలు రోజూ పొద్దున్నే నిద్రకు మార్కులేస్తున్న రోజుల్లో ఇది ఆలోచించాల్సిన విషయం. ఆ మార్కుల కోసం ఆరాటపడి ఉన్న నిద్రను పోగొట్టుకుంటున్నవాళ్ల గురించి కెల్లీ బారన్ బృందం 2017లో రాసింది. అలాంటివాళ్లలో కొందరు ల్యాబ్ పరీక్షలో బాగా నిద్రపోయారని తేలినా వాచీ మాటే నమ్మారట.

అలాగని నమ్మకంతో అన్నీ సరిపోవు. నిద్ర లేకుండా నడిపే డ్రైవరు ‘నేను బాగానే పడుకున్నాను’ అనుకున్నంత మాత్రాన కన్ను అంటుకోకుండా ఆగదు. 17 నుంచి 19 గంటలు మెలకువగా ఉన్నవాళ్ల చురుకుదనం కొన్ని పరీక్షల్లో రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ల స్థాయికో, అంతకన్నా కిందికో పడిపోతుందని 2000లో ఒక అధ్యయనం చూపింది. నిద్ర గురించిన బెంగ తగ్గితే బెంగ వల్ల వచ్చిన నష్టం తగ్గుతుంది. నిద్ర లేకపోవడం వల్ల వచ్చే నష్టం నిద్రతోనే తీరాలి.

బద్ధకం అనే ముద్ర: టీనేజ్ పిల్లల ఉదయాలు

‘ఎనిమిదైనా లేవడు, రాత్రి పన్నెండైనా పడుకోడు’ అన్న ఫిర్యాదు వినని ఇల్లుండదు. మేరీ కార్స్‌కడాన్ వంటి పరిశోధకులు ఏళ్ల తరబడి చూపించింది ఏమిటంటే, యుక్తవయసులో ఒంటి గడియారం వెనక్కి జరుగుతుంది. నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ ఆలస్యంగా విడుదలవుతుంది. ఆ వయసు వాళ్లకు కావాల్సింది 8 నుంచి 10 గంటలు. బడి మాత్రం పొద్దున్నే మోగుతుంది.

టిల్ రోనెబెర్గ్ బృందం 2006లో దీన్ని లెక్కగట్టే తేలికైన పద్ధతి చెప్పింది. ఒక కుర్రాడు బడి రోజుల్లో రాత్రి 12 నుంచి 6 వరకు పడుకుంటాడు, ఆ నిద్రకు నడిమి వేళ 3 గంటలు. సెలవు రోజుల్లో 2 నుంచి 10 వరకు, నడిమి వేళ 6. రెంటి మధ్య తేడా 3 గంటలు. మూడు గంటల తేడా ఉన్న దేశానికి విమానంలో వెళ్లి, రెండు రోజులుండి, సోమవారం పొద్దున తిరిగొచ్చినట్టు. అందుకే దీన్ని సామాజిక జెట్‌లాగ్ అన్నారు. సోమవారం తరగతిలో వాడు నోరు తెరిచి ఆవలిస్తే మనకు బద్ధకం కనిపిస్తుంది.

అమెరికాలోని సియాటిల్ 2016లో హైస్కూళ్ల ప్రారంభాన్ని 7:50 నుంచి 8:45కి మార్చింది. ముందూ తర్వాతా చేతికి పరికరాలు కట్టి కొలిస్తే పిల్లల నిద్ర సుమారు 34 నిమిషాలు పెరిగింది. మిగిలిన సమయమంతా ఫోన్లకే పోతుందన్న అనుమానం పూర్తిగా నిజం కాలేదు. అభ్యంతరాలు చెప్పేవాళ్లకూ కారణాలున్నాయి. బస్సుల వేళలు మారాలి, ఉద్యోగాలకు వెళ్లే తల్లిదండ్రుల ఉదయాలు తలకిందులవుతాయి, ఆటలకు సాయంత్రం వెలుతురు తగ్గుతుంది. తెల్లవారి లేచేవాళ్లను క్రమశిక్షణ గలవాళ్లుగా, రాత్రి చురుగ్గా ఉండేవాళ్లను దారితప్పినవాళ్లుగా చూడటం అన్ని వయసుల్లోనూ ఉంది. ఆ తేడాలో జన్యువుల పాత్ర గణనీయమైనది కాబట్టి దీన్ని గుణం మీద తీర్పుగా మార్చడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

ఒకే ఇంట్లో రెండు రాత్రులు

మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లలో నిద్రలేమి సుమారు 40 శాతం ఎక్కువని 2006లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ చెప్పింది. హార్మోన్ల పాత్ర ఉంది. అంతటితో అయిపోదు. జర్మనీలో వేల మందిని ఏళ్ల తరబడి అనుసరించిన సర్వే ఆధారంగా 2019లో వచ్చిన అధ్యయనం చూడండి. బిడ్డ పుట్టిన మొదటి మూడు నెలల్లో తల్లి నిద్ర సుమారు గంట తగ్గింది, తండ్రిది పావుగంట. ఆరేళ్ల తర్వాత కూడా ఇద్దరి నిద్రా మునుపటి స్థాయికి పూర్తిగా చేరలేదు.

పాలివ్వడం ఒక కారణం. కానీ పాలు మానిన తర్వాత కూడా రాత్రి చిన్న అలికిడికి లేచేది ఎవరన్నది ఒంటికి సంబంధించిన ప్రశ్నగా మాత్రమే మిగలదు. ‘నేను లేవకపోతే ఎవరూ లేవరు’ అని తెలిసిన మనిషి నిద్రలోనూ ఒక చెవి తెరిచే ఉంచుతుంది. గమనిస్తే, మంచి తల్లి అన్న గుర్తింపులో ఆ తెరిచిన చెవి ఒక భాగమైపోయింది. అలాంటావిడకు ‘మీరు మీ నిద్రకు ప్రాధాన్యం ఇవ్వాలి’ అని చెబితే ఏం చేయగలదు? ఆ మాట చెప్పాల్సింది పక్కనే ఆదమరిచి నిద్రపోతున్న ఇంకో మనిషికి.

గుండెల మీద చెయ్యేసుకుని పడుకోలేనివాళ్లు

ఇంతవరకు చెప్పినవాటిలో వైఖరికి కొంతైనా చోటుంది. ఇక్కడ తక్కువ. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2016లో ఇచ్చిన నివేదిక ప్రకారం 7 గంటలో అంతకన్నా ఎక్కువో నిద్రపోతున్నామన్నవాళ్లు తెల్లజాతీయుల్లో 66.8 శాతం, నల్లజాతీయుల్లో 54.2 శాతం. నల్లజాతీయులు నిద్రకు విలువివ్వరని ఎవరైనా అంటే ఆ మాట నిలవదు. రాత్రి షిఫ్టులు, రెండేసి ఉద్యోగాలు, సద్దు ఎక్కువుండే ప్రాంతాలు, వీటి పాత్ర కనిపిస్తోంది. ఆదాయం, చదువు సమానంగా ఉన్నవాళ్లను పోల్చినా కొంత తేడా మిగిలిపోతోంది. ఆ మిగిలినదాన్ని వివరించే ప్రయత్నాల్లో ఒకటి వివక్ష. ఎవరు ఎప్పుడు ఏమంటారో, ఎలా చూస్తారో అని రోజంతా కాచుకుని ఉండే మనిషికి ఇంటికొచ్చి తలుపేసుకోగానే ఆ కాపలా ఆగదు. వివక్ష ఎదుర్కొన్నామన్నవాళ్లలో నిద్ర సమస్యలు ఎక్కువని పలు అధ్యయనాల్లో కనిపించింది. ఏది ముందు, ఏది వెనుక అన్నది ఇలాంటి సర్వేలతో పూర్తిగా తేలదు, ఎందుకంటే నిద్ర తక్కువైన మనిషికి చేదు అనుభవాలు ఇంకా చేదుగా తగులుతాయి.

పేదరికం గురించి నేను చదివినవాటిలో బాగా ఆలోచింపజేసింది చెన్నైలో 452 మందితో జరిగి 2021లో ప్రచురితమైన ప్రయోగం. తక్కువ ఆదాయం గలవాళ్ల నిద్రను చేతి పరికరాలతో కొలిచారు. వాళ్లు రాత్రికి 8 గంటలు పక్క మీదే ఉన్నారు. నిద్రపోయింది ఐదున్నర గంటలు. మనం మొదట వేసిన లెక్క ఇదే, 69 శాతం. వేడి, దోమలు, రొద. తర్వాత వాళ్లకు సలహాలిచ్చారు, ఇంట్లో నిద్రకు వీలు కల్పించే వస్తువులిచ్చారు, కొందరికి ఎక్కువ నిద్రపోయినందుకు ప్రోత్సాహకాలూ ఇచ్చారు. రాత్రి నిద్ర సగటున 27 నిమిషాలు పెరిగింది. పని మెరుగవుతుందని నిపుణులు వేసిన అంచనా మాత్రం నిజం కాలేదు. పనితీరులో గానీ, మనసు కుదుటపడటంలో గానీ చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పని చోట మధ్యాహ్నం ప్రశాంతంగా కాసేపు కునుకు తీయనిచ్చినప్పుడు మాత్రం పనితీరు, మనసు రెండూ మెరుగుపడ్డాయి.

దీన్ని రెండు రకాలుగా చదువుతున్నారు. రాత్రి నిద్ర ప్రయోజనాలను మనం ఎక్కువ చేసి చెబుతున్నామేమో అన్నది ఒకటి. పదే పదే చెదిరిపోయే నిద్రకు ఇంకో అరగంట చెదిరిన నిద్ర కలిపితే ఏం ఒరుగుతుంది, నాణ్యత మారాలి కదా అన్నది రెండోది. నాకు రెండోదే సబబనిపిస్తుంది. మొదటి ప్రశ్ననూ పక్కకు నెట్టలేం.

అందరికీ ఒకే గంటలా?

ఏకబిగిన ఎనిమిది గంటలు అన్న కొలత ఎక్కడిదన్న దాని మీద కూడా వాదం ఉంది. పారిశ్రామిక యుగానికి ముందు యూరప్‌లో జనం రెండు విడతలుగా నిద్రపోయేవాళ్లని, మధ్యలో గంటో రెండు గంటలో మేలుకోవడం మామూలేనని చరిత్రకారుడు రోజర్ ఎకిర్చ్ పాత పత్రాల నుంచి చూపించారు. ఇది నిజమైతే రాత్రి రెండింటికి మెలకువ రావడం రోగం కాకపోవచ్చు. మరోవైపు 2015లో టాంజానియా, నమీబియా, బొలీవియాల్లో విద్యుత్ దీపాలు లేకుండా బతుకుతున్న మూడు సమూహాలను కొలిస్తే, వాళ్ల నిద్ర ఒకే విడతగా ఉంది. నిడివి 5.7 నుంచి 7.1 గంటలు. అందులో రెండు సమూహాల భాషల్లో నిద్రలేమికి మాటే లేదు.

2025లో క్రిస్టీన్ ఔ, స్టీవెన్ హైన్ బృందం 20 దేశాల మనుషులను పోల్చింది. సగటు నిద్ర జపాన్‌లో 6 గంటల 18 నిమిషాలు, ఫ్రాన్స్‌లో 7 గంటల 52 నిమిషాలు. తక్కువ నిద్రపోయే దేశాల ఆరోగ్యం అధ్వానంగా ఉందన్న ఆధారం వాళ్లకు దొరకలేదు. తమ సమాజం ‘ఇంత నిద్ర సరిపోతుంది’ అనుకునే కొలతకు దగ్గరగా నిద్రపోయేవాళ్ల ఆరోగ్యం మెరుగ్గా ఉంది. దీన్ని చూసి ‘ఆరు గంటలు చాలన్నమాట’ అనుకోవడం తొందరపాటు. అదే అధ్యయనంలో చాలామంది తమ సమాజం చెప్పే కొలతకన్నా తక్కువే పడుకుంటున్నారు. పైగా దేశాల సగటులను పోల్చడం వేరు, ఒకే మనిషి నిద్రను రెండు వారాలు తగ్గించి చూడటం వేరు. వాన్ డాంగెన్ ప్రయోగం చూపింది రెండోది. ఈ రెంటికీ పొంతన ఎలా కుదురుతుందో ఇంకా వాదిస్తున్నారు.

అభిప్రాయం మారితే నిద్ర మారుతుందా

భయం వల్ల చెడిన నిద్ర విషయంలో జవాబు అవునే. దీర్ఘకాలిక నిద్రలేమికి మాత్రల కన్నా ముందు ఆలోచనలను, అలవాట్లను సరిచేసే చికిత్స ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సూచించింది. పక్క మీద గడిపే సమయాన్ని కొన్నాళ్లు కావాలని తగ్గించడం, నిద్ర మీద ఉన్న భయంకరమైన నమ్మకాలను ఒక్కొక్కటిగా పరీక్షించడం అందులో భాగం. 2:40కి లెక్కలు వేసుకునే ఆవిడకు ఇది పనికొస్తుంది.

చులకన వల్ల చెడిన నిద్రకు తెలివిడి ఒక్కటే చాలదు. నిద్ర మంచిదని తెలిసీ పడుకోకుండా వాయిదా వేసే అలవాటును ఫ్లోర్ క్రూస్ బృందం 2014లో నెదర్లాండ్స్‌లో అధ్యయనం చేసి, స్వీయ నియంత్రణ లోపంగా వివరించింది. వేరేవాళ్లు దాన్ని ఇంకోలా చూస్తారు. పొద్దున్నుంచి తనది కాని సమయంలో బతికిన మనిషికి రాత్రి పదకొండు తర్వాతి గంట ఒక్కటే తనది. దాన్ని వదులుకోమంటే ఎలా? రెండు వివరణలూ ఒకే మనిషికి వర్తించొచ్చు.

వీలు లేక చెడిన నిద్రకు సలహా దాదాపు పనికిరాదు. ఈ మాట నేను మా నాన్నను చూసి అంటున్నాను. ఆయనది ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీ. రాత్రి షిఫ్టు పని మనుషుల్లో క్యాన్సర్‌కు బహుశా కారణం కావచ్చన్న వర్గంలో ఉందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో చెప్పి, 2019లో మళ్లీ నిర్ధారించింది. అవేవీ మాకప్పుడు తెలియవు. పొద్దున ఎనిమిదింటికి వచ్చి స్నానం చేసి పడుకునేవారు. కిటికీకి పాత పేపర్లు అంటించి ఉండేవి, వాటి అంచుల్లోంచి ఎండ గీతల్లా నేల మీద పడేది. పదింటికి ఎవరో ఒకరు తలుపు కొట్టేవారు. ‘వదినా, అన్నయ్యగారు ఇంకా లేవలేదా?’ అని పక్కింటావిడ అడిగితే అమ్మ ఏదో తప్పు చేసినట్టు గొంతు తగ్గించి ‘రాత్రి డ్యూటీ కదమ్మా’ అనేది. నాన్న అప్పటికే లేచి కూర్చునేవారు. నలుగురూ తిరిగే వేళ పడుకుని కనిపించడం ఆయనకు సిగ్గు. అలా ఎన్నేళ్లు ఐదు గంటలతో గడిపారో!

ఒకరోజు అమ్మ సుద్దముక్క తీసుకుని తలుపు మీద పెద్దక్షరాలతో రాసింది: ‘రాత్రి డ్యూటీ చేసి వచ్చారు. రెండింటిదాకా తలుపు కొట్టవద్దు.’ మొదటి వారం పక్కింటావిడ కాస్త చిన్నబుచ్చుకుంది. తర్వాత తనే మెట్ల దగ్గర ఆడుకునే పిల్లలను ‘అరవకండర్రా, అన్నయ్యగారు పడుకున్నారు’ అని గదమాయించడం మొదలుపెట్టింది. నాన్న ఇక ఒంటిగంటన్నర దాకా లేచేవారు కాదు.